జోడు రోకళ్ళ మరబొమ్మ: ఐదుసార్లు చేశాను, తిరుగుతోంది గానీ దంచుతున్నట్టు లేదు. ఎక్కడ దిద్దుకోవాలి?

దంపుడుపాట

నమస్కారమండీ. నేను చెక్కతో మరబొమ్మలు చేస్తాను, పక్కనున్న పిడి తిప్పితే పైన బొమ్మ కదిలే రకం, మోటారూ బ్యాటరీ ఏమీ ఉండవు. మొదలుపెట్టి నాలుగేళ్ళయింది. ఉండేది కాకినాడ, బ్యాంకు ఉద్యోగం, రాత్రి తొమ్మిది దాటాక, ఆదివారాలు మాత్రమే ఈ పని.

ఇప్పుడు చేస్తున్నది జోడు రోకళ్ళ బొమ్మ. ఒకే రోలు, ఎదురెదురుగా ఇద్దరు ఆడవాళ్ళు అటుకులు దంచుతుంటారు, ఒకరి రోకలి దిగేసరికి ఇంకొకరిది లేచి ఉండాలి. మా అమ్మమ్మా ఆవిడ తోడికోడలూ అలాగే దంచేవాళ్ళు. పోటు పడ్డప్పుడల్లా 'హుఁ' అని ఒక ఊపిరి వినపడేది, నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. బొమ్మని చూస్తే ఆ ఊపిరి గుర్తుకు రావాలని నా కోరిక.

లోపల మర ఇలా ఉంది. పెట్టెలో అడ్డంగా 8 మి.మీ. చెక్క ఇరుసు, దాని మీద నత్త ఆకారంలో రెండు కామ్‌లు (ఇరుసుతో పాటు తిరుగుతూ కడ్డీని లేపే బిళ్ళలు), ఒకదానికొకటి 180 డిగ్రీల తేడాతో. కామ్ మెల్లగా కడ్డీని పైకి తోస్తుంది, నత్త చుట్టు ముగిసే మెట్టు దగ్గరికి రాగానే కడ్డీ టక్కున పడిపోతుంది. ఆ కడ్డీ బొమ్మ వెనకాల నుంచి వెళ్ళి చేతుల్ని లేపుతుంది, చేతుల్లో రోకలి. పెట్టె, కామ్‌లు అన్నీ టేకు.

కష్టాలు చెప్తాను. జులైలో వానలు పట్టగానే కడ్డీలు బిగుసుకుపోయాయి, ఎండలు వచ్చాక మళ్ళీ వదులై ఊగుతున్నాయి. కామ్‌లు ఇరుసు మీద జిగురు వదిలేసి జారుతున్నాయి, ఒకటి కాస్త జారితే చాలు రెండు రోకళ్ళూ రోట్లోనే గుద్దుకుంటాయి. మా అక్క కొడుకు పిడిని వెనక్కి తిప్పాడు, ఒక కామ్ మెట్టు దగ్గర విరిగిపోయింది. ఇవన్నీ ఎలాగోలా బాగుచేశాను. కానీ అన్నీ సరిగ్గా ఉన్న రోజున కూడా అది దంచుతున్నట్టు లేదండీ, మిషన్ కొట్టుకుంటున్నట్టు ఉంది. నాకు ఎక్కువ బాధ అదే.

సంక్రాంతికి బొమ్మల కొలువులో పెడతానని అమ్మకి మాటిచ్చాను. ఇదే బొమ్మని ఆరోసారి చేయాలా, దీన్ని పక్కన పెట్టి ఇంకో బొమ్మ చేస్తే చేయి తిరుగుతుందా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

పాత ప్యాటర్న్ షాపు

అమ్మా, ఇదే చేయండి. నేను విశాఖలో ఒక ఫౌండ్రీ ప్యాటర్న్ షాపులో 31 ఏళ్ళు చెక్క పని చేసి రిటైరయ్యాను. ఇనుము పోత పోయడానికి ముందు అదే ఆకారాన్ని చెక్కలో చేసేవాళ్ళం, అర మిల్లీమీటరు తేడా వచ్చినా వెనక్కి పంపించేవాళ్ళు. చేయి తిరిగేది కొత్త బొమ్మ మొదలుపెట్టినప్పుడు కాదమ్మా, పాత తప్పుని మళ్ళీ అదే చోట చూసినప్పుడు. కొత్తదానికి వెళితే కొత్త తప్పులు వస్తాయి, పాతవి దిద్దుకోకుండానే మిగిలిపోతాయి.

ముందు వాన సంగతి. చెక్క నిలువు నార వెంట దాదాపుగా పెరగదు, అడ్డంగా పెరుగుతుంది. అందుకని మీరు ఎండల్లో గుండ్రంగా వేసిన బెజ్జం వానల్లో గుండ్రంగా ఉండదు, కోలగా మారుతుంది, కడ్డీ కూడా అంతే. కోల బెజ్జంలో కోల కడ్డీ, ఇక ఎలా జారుతుంది? కడ్డీలకి చెక్క మానేయండి. సైకిల్ చువ్వ, లేదంటే స్టీలు కడ్డీ వాడి, అది జారే బెజ్జంలో చిన్న ఇత్తడి గొట్టం ముక్క దిగేయండి. చెక్కే వాడి తీరాలంటే 6 మి.మీ. కడ్డీకి 6.5 మి.మీ. బెజ్జం ఇవ్వండి. తర్వాత పెట్టె చెక్కలకి లోపలా బయటా రెండు వైపులా స్పిరిట్ పాలిష్ పట్టించండి. చాలామంది కనిపించే వైపే పట్టించి వదిలేస్తారు, లోపలి వైపు తేమ తాగి పలక వంగుతుంది.

మీరు రాయలేదు గానీ నేను అనుకునేది ఇంకొకటి ఉంది. మీ కడ్డీ పెట్టె మూత పలకలో ఒక్క చోటే జారుతోంది కదా? పలక మందం ఏ 8 మిల్లీమీటర్లో ఉంటుంది. అంత తక్కువ పట్టు ఉంటే కామ్ పక్కకి లాగినప్పుడల్లా కడ్డీ ఒరిగి అంచు మీద పట్టేస్తుంది. మూతకి నలభై మిల్లీమీటర్ల కింద ఇంకో పలక వేసి దాంట్లోనూ బెజ్జం పెట్టండి. రెండు చోట్ల పట్టు దొరికితే కడ్డీ నిటారుగా లేస్తుంది. బిగుసుకుపోవడంలో సగం తేమ వల్ల, సగం దీనివల్ల అని నా నమ్మకం.

కామ్‌లు టేకు పలకలోంచి కోయవద్దు. గుండ్రంగా కోస్తే ఎక్కడో ఒక చోట నార పొట్టిగా తెగుతుంది, మీది మెట్టు దగ్గర విరిగింది అందుకే, పిల్లవాడి తప్పు కాదు. మంచి ప్లైవుడ్, బిర్చ్ ప్లై దొరికితే మరీ మంచిది, పొరలు అడ్డం నిలువు ఉంటాయి కాబట్టి అలా విరగదు. ఇక జిగురు. టేకులో నూనె ఉంటుంది, అతికించే ముందు స్పిరిట్ గుడ్డతో తుడవకపోతే జిగురు పట్టదు. అసలు జిగురు మీద ఆధారపడకండి. కామ్ పక్కన ఒక చిన్న గుండ్రటి మెడ అతికించి, ఆ మెడలోంచి ఇరుసులోకి సన్న బెజ్జం వేసి 2 మి.మీ. చీల కొట్టండి. మొదట చీలని బిగించకుండా దూర్చి తిప్పి చూసుకోండి, రోకళ్ళు వంతు తప్పడం లేదని తేలాకే పూర్తిగా దిగ్గొట్టండి.

రెండు పక్క పలకల్నీ కలిపి బిగించి ఒకేసారి ఇరుసు బెజ్జం వేస్తున్నారా, విడివిడిగా వేస్తున్నారా? విడిగా అయితే అక్కడా మార్చుకోవాలి.

అంకుడు కర్ర

మాది ఏటికొప్పాక దగ్గర ఊరు, ఇంట్లో తరతరాలుగా లక్కబొమ్మల పని. పైన పెద్దాయన మర గురించి చెప్పారు, నేను బొమ్మ సంగతి చెప్తాను.

ఆ ఇద్దరు ఆడవాళ్ళని దేంతో చేశారో మీరు రాయలేదు. అవీ టేకే అయితే చేతులు బరువైపోతాయి, పిడి తిప్పడానికి బలం కావాలి. మేము వాడేది అంకుడు, తేలిగ్గా ఉంటుంది, నునుపుగా తరిమెన (కర్రని తిప్పుతూ చెక్కే మర) పడుతుంది. కొండపల్లి వాళ్ళు వాడే తెల్ల పొనికి ఇంకా తేలిక, ఉలికి వెన్నలా తెగుతుంది, చింతపిక్కల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో చేతులూ కాళ్ళూ అతికిస్తారు. మీ బొమ్మ తలకీ ఒంటికీ పొనికి బాగుంటుంది. భుజం దగ్గర ఇరుసు తిరిగే చోట మాత్రం పొనికి పనికిరాదు, మెత్తన, నాలుగు రోజుల్లో బెజ్జం పెద్దదైపోతుంది. చేతులు అంకుడుతో చేసి, భుజంలో ఇత్తడి గొట్టం వేసుకోండి.

ఏ కర్రయినా పచ్చిగా ఉన్నప్పుడు ముట్టుకోవద్దు. మా ఇంట్లో నాన్నగారు కర్రని నెలల తరబడి నీడనే ఆరబెట్టేవారు, ఆరిందో లేదో వేళ్ళతో తట్టి చప్పుడు విని చెప్పేవారు. నాకు ఆ చెవి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. మొదట్లో తొందరపడి తిప్పిన బొంగరాలు నెల తిరక్కుండానే పగుళ్ళిచ్చాయి, వాటిని పారేయకుండా దాచుకున్నాను, ఏ పగులు ఏ వైపు వచ్చిందో చూస్తే కర్ర మధ్య భాగం ఎందుకు వదిలేయాలో అర్థమవుతుంది.

రంగు గురించి. లక్క పూత కావాలంటే బొమ్మ తరిమెన మీద తిరుగుతుండగా లక్క కడ్డీ ఆనిస్తాం, ఆ రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది, తర్వాత మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. పసుపు నుంచి పసుపు రంగు, జాఫ్రా గింజల నుంచి నారింజ, ఇలా చెట్ల రంగులు కలిపిన లక్కతో చేసిన బొమ్మలకే మా ఊరి పేరు నిలిచింది, 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ ఒకదానికొకటి రాసుకునే చోట ఎక్కడా లక్క వేయకండి. పూత మందం వల్ల బిగుసుకుంటుంది, వేసవిలో మెత్తబడి అంటుకుంటుంది కూడా. రోకలికి వేయండి, రోలుకి వేయండి, చీరకి వేయండి, కడ్డీనీ కామ్ అంచునీ ఉత్త చెక్కగానే ఉంచండి.

నాలుగో గంట

ఫిజిక్స్ టీచర్ని, స్కూల్లో పిల్లల చేత ఇలాంటివి అట్టతో చేయిస్తుంటాను. పిడి వెనక్కి తిప్పే సమస్యకి మందు ఒకటే, వెనక్కి తిరగకుండా చేయడం. ఇరుసు చివర పెట్టె లోపల రంపపు పళ్ళ చక్రం ఒకటి బిగించి, దాని మీద ఒక చిన్న చెక్క నాలుక వాలేలా పెట్టండి, దాని బరువుకే అది పళ్ళలో పడుతుంది, స్ప్రింగు అక్కర్లేదు. ముందుకి తిప్పితే టిక్ టిక్‌మని దాటుతుంది, వెనక్కి తిప్పితే ఆగిపోతుంది. పిల్లలు తప్పకుండా వెనక్కి తిప్పుతారండీ, అలా తిప్పొద్దని రాసి పెడితే ఇంకా ముందు తిప్పుతారు. పన్నెండు పళ్ళు చాలు.

రోకలి కిందికి దిగడానికి రబ్బరు బ్యాండు వాడుతుంటే తీసేయండి, మన ఎండలకి ఏడాదిలో చీకిపోతుంది. బరువుతోనే పడనివ్వండి.

గ్యారేజీ వడ్రంగి

నేను ఇంగ్లండులో ఉంటాను, పుట్టింది ఒంగోలు. పన్నెండేళ్ళుగా గ్యారేజీలో మరబొమ్మలే చేస్తున్నాను. పైన చెప్పినవన్నీ సరైనవే, అవి చేయండి. కానీ అవన్నీ చేశాక కూడా మీ అసలు బాధ తీరదు. అది కామ్ ఆకారంలో ఉంది.

మీ నత్త కామ్ పూర్తి చుట్టంతా లేపుతూనే ఉంటుంది, చివర్న వదిలేస్తుంది. మనిషి అలా దంచడు కదా. రోకలిని చురుగ్గా ఎత్తుతారు, పైన ఒక్క క్షణం ఆగుతారు, అప్పుడు వదులుతారు. ఎదురుగా ఇంకొకరు ఉన్నప్పుడు మరీనూ, అవతలి రోకలి దిగి లేచేదాకా తన రోకలి పైనే ఉండాలి. మీ బొమ్మలో ఆ ఆగడం లేదు, అందుకే మిషన్‌లా ఉంది. ఇంకో మాట, మీ కామ్ జారకపోయినా రోకళ్ళు తగిలే ప్రమాదం ఉంది, ఎందుకంటే ఒకటి పడే సమయానికి రెండోది ఇంకా సగమే లేచి ఉంటుంది.

కామ్‌ని ఇలా గీయండి. పడిన చోటు సున్నా అనుకోండి. 30 డిగ్రీల దాకా కిందనే ఉండాలి, అంటే రోకలి రోట్లో ఉన్నట్టు. 30 నుంచి 150 దాకా లేవాలి. 150 నుంచి 360 దాకా వ్యాసార్ధం మారకూడదు, గుండ్రంగా అలాగే పోవాలి, రోకలి పైన ఆగి ఉంటుంది. అక్కడ మెట్టు, పడిపోవడం. రెండో కామ్ ఇదే, 180 తిప్పి పెట్టింది. లెక్క చూసుకోండి, రెండోది 180 దగ్గర పడేటప్పటికి మొదటిది 150 లోనే పైకి చేరి ఆగి ఉంది, ఇక రెండూ రోట్లో కలిసే వీలే లేదు. లేచే వాలు మరీ నిటారుగా రాకుండా కామ్ మొత్తం పెద్దది చేయండి. 25 మి.మీ. లేవాలంటే చిన్న వ్యాసార్ధం 20, పెద్దది 45 పెట్టుకోవచ్చు, పెట్టె కొంచెం ఎత్తు పెరుగుతుంది.

ఇదంతా నేరుగా చెక్కలో చేయవద్దు. దళసరి అట్టతో కోసి, గుండుసూదితో ఒక పలకకి గుచ్చి, పైన పెన్సిలు ఆనించి తిప్పండి. ఒక సాయంత్రంలో ఐదారు ఆకారాలు చూడొచ్చు. నేను మొదటి మూడేళ్ళు ఈ అట్ట పని దండగ అనుకుని నేరుగా చెక్కలో కోసేవాణ్ణి, ఏడాదికి రెండు బొమ్మలకి మించి పూర్తయ్యేవి కావు.

తర్వాతది తల. మనుషులు ఏదైనా చేసే ముందు కళ్ళు అటు వెళతాయి, ఆ తర్వాతే చేయి. సన్న తీగతో తలని కదిపే మూడో కామ్ ఒకటి పెట్టి, రోకలి పడడానికి ఓ 20 డిగ్రీల ముందే తల కొంచెం రోటివైపు వంగేలా చేయండి. మూడు నాలుగు మిల్లీమీటర్ల కదలిక చాలు, ఎక్కువైతే తల ఊపే బొమ్మ అయిపోతుంది. మీరు అడిగిన ఊపిరి అక్కడ దొరుకుతుందని నా ఊహ.

జపాన్‌లో ఎడో కాలం (సుమారు 17–19 శతాబ్దాలు) నాటి కరకురి బొమ్మల్లో, అంటే అక్కడి మరబొమ్మల్లో, టీ తెచ్చే బొమ్మ ఒకటి ఉంది. దాన్ని ఎలా చేయాలో 1796లోనే హొసొకవ హంజో అనే ఆయన బొమ్మలు గీసి మరీ పుస్తకం వేశాడు. తిమింగలం నోట్లోని పలకల్లాంటి భాగాన్ని చుట్టి స్ప్రింగుగా వాడేవాళ్ళు. చేతిలో కప్పు పెడితే అతిథి వైపు నడుస్తుంది, కప్పు తీయగానే ఆగుతుంది, తాగి మళ్ళీ పెడితే వెనక్కి తిరిగి వెళ్ళిపోతుంది. నడకలో గొప్ప ఏమీ లేదు, చక్రాల మీద వస్తుంది. అది ఆగి నిలబడ్డప్పుడే, మన కోసం ఎదురుచూస్తోంది అనిపిస్తుంది. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం గడియారం చూసినవాళ్ళకి తెలుసు, కమ్మరి సెకను సెకనుకీ సుత్తి కొడుతూనే ఉంటాడు, కానీ జనం అంతా కూర్చుని ఎదురుచూసేది గంటకోసారి తలుపు తీసుకుని బయటికి వచ్చే ఆ గడ్డం మనిషి కోసం.

ఇక్కడ 1979లో ఫాల్మత్ అనే ఊళ్ళో స్యూ జాక్సన్ అనే ఆవిడ పెట్టిన చిన్న కొట్టు, తర్వాత కాబరే మెకానికల్ థియేటర్ అనే మరబొమ్మల ప్రదర్శనశాల అయింది. పాల్ స్పూనర్, పీటర్ మార్కీ లాంటి వాళ్ళ బొమ్మలు దాని ద్వారానే జనానికి చేరాయి. నేను మార్కీ బొమ్మల ముందు చాలాసేపు నిలబడ్డాను. చెక్క ముక్కలు చాలా తక్కువ, రంగు సాదాగా ఉంటుంది, అయినా కదలిక సరిగ్గా ఉంటుంది. అప్పటి నుంచి ప్రతి కొత్త వెర్షన్‌లో ఒక ముక్కయినా తగ్గించగలనా అని చూస్తాను. మీరు ఐదు వెర్షన్లలో ఏమేం మార్చారో రాసి పెట్టుకున్నారా? ఒక్కోసారి ఒక్కటే మార్చండి, తేదీ వేసి రాయండి. మూడు ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు.

పాత ప్యాటర్న్ షాపు

కామ్ ఆకారం గురించి గ్యారేజీ వడ్రంగి గారు చెప్పింది నాకు తట్టలేదు, బాగుంది. ఒక్కటి కలుపుతాను. పైన ఆగే గుండ్రటి భాగం నిజంగా గుండ్రంగా ఉండాలి, ఆకురాయితో అక్కడా ఇక్కడా అరగదీస్తే రోకలి పైన వణుకుతుంది. కామ్‌ని ఇరుసు మీదనే పెట్టి తిప్పుతూ గరుకు కాగితం ఆనించండి. చివర్లో అంచుకి కొవ్వొత్తి మైనం రుద్దండి. నూనె వద్దు, ముఖ్యంగా కొబ్బరి నూనె, దుమ్ము పట్టి జిగట అవుతుంది.

దంపుడుపాట

మూడు వారాల తర్వాత వస్తున్నాను, అందరికీ చాలా చాలా థ్యాంక్సండీ.

పెద్దాయన అడిగారు కదా, అవును, పక్క పలకలకి విడివిడిగానే బెజ్జాలు వేశాను. కలిపి బిగించి చూస్తే ఒకటిన్నర మిల్లీమీటరు తేడా. నాలుగేళ్ళుగా ప్రతి బొమ్మా అలాగే చేశాను. ఇప్పుడు కొత్త పలకలు వేశాను, మూత కింద కడ్డీ జారే రెండో పలక పెట్టాను, సైకిల్ చువ్వా ఇత్తడి గొట్టమూ. తుపాను వాన నాలుగు రోజులు కురిసింది, ఒక్కసారి కూడా పట్టెయ్యలేదు.

అట్టతో తొమ్మిది కామ్‌లు కోశాను. 30, 150 లెక్క దాదాపు సరిపోయింది, నేను లేవడం 140కి పూర్తి చేశాను, కాస్త చురుగ్గా ఉంటే నాకు బాగుందనిపించింది. రోకలి కొసకి ఇత్తడి పొన్ను తొడిగాను, నిజం రోకలికి ఉన్నట్టే, దాని బరువుకే పడుతోంది, రోట్లో తగిలినప్పుడు చిన్న చప్పుడు కూడా వస్తోంది. రబ్బరు తీసేశాను. వెనక్కి తిరగకుండా నాలుక పెట్టాను, అక్క కొడుక్కి ఇచ్చి తిప్పమన్నాను, బొమ్మ నిలిచింది.

తల కామ్ మాత్రం మూడు రోజులు ఏడిపించింది. 20 డిగ్రీలు ముందు పెడితే తల వంగినట్టు కనిపించింది, 35 పెడితే ఆవిడ రోట్లోకి చూసి అప్పుడు దంచినట్టు ఉంది. నేను తిప్పేది మెల్లగా కాబట్టేమో. ఒక రాత్రి పదకొండింటికి ఆ 35 దగ్గర చీల దూర్చి తిప్పితే, నిజంగానే, నాకు ఆ 'హుఁ' వినపడింది. ఒక్కదాన్నే వరండాలో కూర్చుని చాలాసేపు తిప్పుతూనే ఉన్నాను.

పొద్దున్నే అమ్మకి చూపించాను. తిప్పింది, ఏమీ మాట్లాడలేదు, మళ్ళీ తిప్పింది. తర్వాత అంది, "బాగుందే. కానీ మా అమ్మది పుర్రచేతి వాటం, రోకలి మీద ఎడమ చేయి పైన ఉండేది. నువ్వు కుడి చేయి పైన పెట్టావు." నాకు అది తెలియనే తెలియదు. చిన్నప్పుడు చూశాను, అయినా గమనించలేదు.

సంక్రాంతికి ఇంకా టైముంది. ఈ ఆదివారం ఆ బొమ్మ చేతులు రెండూ మళ్ళీ చెక్కుతున్నాను, అంకుడు ముక్క తెప్పించాను. మిగతాది ఏదీ ముట్టుకోను.

పాత ప్యాటర్న్ షాపు

సంతోషం అమ్మా. చేతులు చెక్కే ముందు, ముక్క ఇంకా నలుపలకలుగా ఉన్నప్పుడే భుజం బెజ్జం వేసేయండి. గుండ్రంగా చెక్కాక బరమా పెడితే మొన జారుతుంది, బెజ్జం వంకర పోతుంది, చేయి ఒంటికి రాసుకుంటుంది. రెండు చేతుల ముక్కల్నీ పక్కపక్కన బిగించి ఒకే పోటున వేయండి.